వాక్యంలో నిలిచి ఉండాలంటే: ఫిలిప్పీ పత్రికతో 12 వారాలు

జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టి రోజుకు 3 అధ్యాయాల చొప్పున చదివితే, 30 రోజుల్లో ఆదికాండం 50, నిర్గమకాండం 40 అధ్యాయాలూ అయిపోతాయి. జనవరి 31 పొద్దున లేవీయకాండం తెరవాలి. దహనబలి, నైవేద్యం, సమాధానబలి, అపరాధపరిహారార్థబలి. ఏడాదిలో బైబిలు పూర్తి చేద్దామని బయల్దేరినవాళ్లు చాలామంది ఆగిపోయేది అక్కడే. ఆగినందుకంటే, ఆగాక “నా భక్తి ఇంతే” అనుకుని బైబిలును ఆదివారం సంచికే పరిమితం చేయడంవల్ల జరిగే నష్టం ఎక్కువ.

లేవీయకాండం వదిలేయమని కాదు. అది తెలియకుండా క్రొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (పత్రిక అంటే ఇక్కడ ఉత్తరం) సగం కూడా అర్థం కాదు. కానీ కష్టకాలంలో విశ్వాసాన్ని నిలబెట్టేది చదివిన అధ్యాయాల లెక్క కాదు. “మీరు నా వాక్యమందు నిలిచినవారైతే నిజముగా నాకు శిష్యులై” ఉంటారని యోహాను 8:31లో ప్రభువు అన్నది అప్పటికే తనను నమ్మిన యూదులతో. వాళ్లు నమ్మారు, ఇక నిలవాలి. రోమా 15:4లో పౌలు ఓర్పునూ లేఖనాలవల్ల కలిగే ఆదరణనూ ఒకే వాక్యంలో పెట్టి, ఆ రెంటివల్లా నిరీక్షణ కలుగుతుందని రాశాడు. లేఖనం నుంచి ఆదరణ అందాలంటే ఒకే చోట చాలినంత కాలం ఉండాలి. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఒక్క చిన్న పత్రికను పట్టుకుని 12 వారాలు అందులోనే ఉంటాం.

ఆ పత్రిక ఫిలిప్పీ పట్టణంలోని సంఘానికి పౌలు రాసినది. 4 అధ్యాయాలు, 104 వచనాలు. నింపాదిగా పైకి చదివినా ఇరవై నిమిషాలు పట్టదు. రాసిన పౌలు సంకెళ్లలో ఉన్నాడు, విడుదలో మరణమో ఇంకా తేలలేదు (1:20-23). అందుకున్న సంఘం శ్రమపడుతోంది (1:29-30). ఆ సంఘంలోనే యువొదియకూ సుంటుకేకూ పడటం లేదు (4:2). ఆ సంఘం పంపిన డబ్బు పౌలుకు తీసుకుని వెళ్లిన ఎపఫ్రొదితు జబ్బుచేసి చావుదాకా వెళ్లాడు (2:27). బయటి ఒత్తిడి, లోపలి తగాదా, జబ్బు, డబ్బు ఇబ్బంది అన్నీ నాలుగు అధ్యాయాల్లో ఉన్నాయి. ఓర్పు నేర్చుకోవడానికి ఇంత చిన్న చోటులో ఇంత సమృద్ధిగా దొరికే పుస్తకాలు తక్కువ.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

అచ్చు బైబిలు ఒకటి కావాలి. బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం చాలామంది ఇళ్లలో ఉంటుంది, అదే మంచిది. వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకొకటి పక్కన పెట్టుకోండి. పాత అనువాదంలో వాక్యం మరీ పొడవై అర్థం జారిపోయినప్పుడు అది చూసుకోవచ్చు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. గుర్తులు పెట్టడానికి పెన్సిలే వాడండి. బైబిలు కాగితం పల్చన, జెల్ పెన్ సిరా వెనక పేజీకి దిగిపోతుంది. కంఠత వచనాలకు అట్ట కార్డులు కొననక్కర్లేదు. ఇంట్లో పడి ఉన్న పెళ్లి శుభలేఖల ఖాళీ వైపు పేక ముక్క సైజులో కత్తిరించుకుంటే చాలు.

ఫోన్‌లోనే చదవక తప్పనివాళ్లు యాప్‌లో పత్రికను డౌన్‌లోడ్ చేసుకుని, చదివే ఇరవై నిమిషాలూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వాట్సాప్ గంట ఒక్కసారి మోగితే ఆ పూట ధ్యానం అయిపోయినట్లే.

సమయం విషయంలో అనవసరమైన భారం పెట్టుకోకండి. తెల్లవారుజాము 4 గంటలకు లేస్తేనే భక్తి అనే నియమం బైబిల్లో లేదు. మార్కు 1:35లో ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచాడు. 119వ కీర్తన 55వ వచనం రాసిన భక్తుడు రాత్రివేళ దేవుని నామాన్ని స్మరించాడు. రోజూ ఎలాగూ చేసే ఒక పనికి ధ్యానాన్ని జతచేయండి: పాలు పొయ్యిమీద పెట్టే ముందు, స్నానం అయ్యాక, నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకునే ముందు. గడియారం చూసి పెట్టుకున్న సమయం ఇంట్లో ఏ చిన్న మార్పు వచ్చినా తప్పిపోతుంది. పనికి జతచేసినది ఆ పనితోపాటే గుర్తుకొస్తుంది.

మొదటి వారం: పత్రికంతా, రోజూ

ఆరు రోజులు రోజూ నాలుగు అధ్యాయాలూ చదవాలి. సోమవారం మౌనంగా, మంగళవారం పైకి. బుధవారం ఆడియో బైబిలు పెట్టి, పుస్తకం తెరిచి కళ్లతో వెంబడించండి. గురువారం “సంతోషము”, “ఆనందించుడి” లాంటి మాట వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీయండి. శుక్రవారం పౌలు తన బంధకాల గురించీ కష్టాల గురించీ చెప్పిన చోట్ల ఇంకో రకం గుర్తు పెట్టండి. రెండు గుర్తులూ ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో అప్పుడు కంటికే తెలుస్తుంది. శనివారం బైబిలు మూసి, పత్రికలో ఏముందో ఐదు వాక్యాల్లో నోట్‌బుక్‌లో రాయండి. తప్పులు వచ్చినా దిద్దకండి. పన్నెండో వారం అవి పనికొస్తాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి. ఊదారంగు పొడి అమ్మే లూదియ, చెరసాల నాయకుడు, నడిరాత్రి సంకెళ్లలో పాడుతున్న పౌలు సీలలు అందులో ఉంటారు. ఫిలిప్పీ సంఘం పుట్టింది అలా. ఈ పత్రికను సంఘంలో చదివి వినిపించినప్పుడు ఆ చెరసాల నాయకుడు కూడా కూర్చుని విని ఉండొచ్చు. “ఆనందించుడి” అని రాసిన మనిషి గాయాలు కడిగింది అతనే. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఆ మాట బరువు వేరుగా ఉంటుంది.

రెండు నుంచి పదకొండు దాకా: వారానికొక భాగం

పది భాగాలు ఇవి: 1:1-11, 1:12-26, 1:27 నుంచి 2:4, 2:5-11, 2:12-18, 2:19-30, 3:1-11, 3:12 నుంచి 4:1, 4:2-9, 4:10-23. అధ్యాయాల విభజన తర్వాతి కాలంలో చేసింది కాబట్టి రెండుచోట్ల దాన్ని దాటి వెళ్తాం. 2:1 “కాబట్టి” అంటూ మొదలవుతుంది, 4:1 కూడా అంతే. పై మాట తెలియకపోతే ఆ “కాబట్టి” ఎందుకో తెలియదు.

సోమవారం ఆ భాగాన్ని ఐదుసార్లు చదవండి, అందులో రెండుసార్లు పైకి. మంగళవారం చేత్తో నోట్‌బుక్‌లో ఎక్కించండి, ఒక్క మాట వదలకుండా. ఇశ్రాయేలు రాజు సింహాసనం ఎక్కగానే ధర్మశాస్త్రానికి తనకోసం ఒక ప్రతి రాసుకుని బతికినంతకాలం చదవాలని ద్వితీయోపదేశకాండము 17:18-19 చెబుతుంది. చేయి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి కన్ను దాటేసిన మాట దొరుకుతుంది. ఈ రోజు మాత్రం మానేయకండి. బుధవారం ప్రశ్నలు వేసుకోవాలి, దాని గురించి కింద వివరంగా ఉంది. గురువారం ఆ భాగాన్ని ప్రార్థనగా మార్చండి: 1:9-11 చదువుతుంటే అక్కడ పౌలు ఫిలిప్పీవారికోసం అడిగిన వాటినే మీ ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టి అడగండి. శుక్రవారం, ఈ భాగం వల్ల చేయాల్సిన ఒక్క పని రాసుకోండి. “ఇంకా ప్రేమగా ఉండాలి” అని రాస్తే అది ఎన్నటికీ జరగదు. “ఆదివారం లోపు తోడికోడలికి ఫోన్ చేయాలి” అని రాయండి. శనివారం ఆ పని చేయండి, లేదా ఎందుకు చేయలేకపోయారో ప్రభువుతో చెప్పండి. యాకోబు 1:22 హెచ్చరిక ఇక్కడే: విని ఊరుకునేవాళ్లు తమను తామే మోసం చేసుకుంటారు.

బుధవారం ప్రశ్నలకు 4:10-13 తీసుకుందాం. ఆ చివరి వచనం కార్ల వెనక అద్దాలమీదా, క్యాలెండర్లమీదా ఉంటుంది: “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను.” మొదటి ప్రశ్న: ఇది ఎవరు, ఏ సందర్భంలో అన్నారు? చెరలో ఉన్న మనిషి, తనకు డబ్బు పంపినవాళ్లకు కృతజ్ఞత చెబుతూ అన్నాడు (10, 18). రెండో ప్రశ్న: “సమస్తము” అంటే ఏమేమి? పై వచనంలోనే ఉంది: దీనస్థితి, సంపన్నస్థితి, కడుపు నిండి ఉండటం, ఆకలితో ఉండటం, సమృద్ధి, లేమి. మూడోది: ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది? “నేర్చుకొని యున్నాను” అని 11లో ఒకసారి, 12లో ఒకసారి. అంటే ఈ సంతృప్తి పౌలుకు పుట్టుకతో వచ్చింది కాదు. దమస్కు దారిలో ప్రభువు అతనికి ప్రత్యక్షమైన ఆ ఒక్కరోజులో వచ్చిందీ కాదు. నాలుగోది: దీన్ని తప్పుగా పట్టుకుంటే ఏమవుతుంది? డీఎస్సీ రాసిన అమ్మాయి ఈ వచనాన్ని “ఉద్యోగం ఖాయం” అనే మాటగా పట్టుకుందనుకోండి. జాబితాలో పేరు లేని రోజున ఆమెకు ఉద్యోగంతోపాటు వచనం కూడా పోతుంది. సందర్భంతో పట్టుకుంటే, పేరు లేని రోజున ఆమెను నిలబెట్టేది సరిగ్గా ఈ వచనమే. ఐదోది, చివరిది: ఈ వారం నా ఇంట్లో లేమి ఎక్కడుంది, అక్కడ సంతృప్తి నేర్చుకోవడమంటే ఏం చేయడం?

ఈ ఐదు ప్రశ్నలూ పది భాగాలకూ పనికొస్తాయి. జవాబులు దొరకనప్పుడు పాస్టరు గారిని అడగండి. అడగడానికి సంకోచించకండి. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పినదాన్నే ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకుంటే, వాళ్లను ఘనులని రాసింది లేఖనం (అపొ. కార్య. 17:11).

కంఠత వచనాలు

సండే స్కూల్లో ఆపేసినదాన్ని మళ్లీ మొదలుపెట్టాలి. ఈ 12 వారాలకు పన్నెండు వచనాలు చాలు: 1:6, 1:21, 1:29, 2:8, 2:13, 3:10, 3:14, 4:6, 4:7, 4:11, 4:12, 4:13. మొదటి భాగానికి 1:6, రెండో దానికి 1:21, అలా భాగానికి ఒకటి పడుతుంది. చివరి రెండు భాగాల్లోనే ఒకటికి మించి ఉన్నాయి. ఎపఫ్రొదితు వారం, అంటే 2:19-30 చదివే వారం, కొత్త వచనం వద్దు. ఉన్నవి గట్టిపరచుకోండి.

కార్డుకు ఒకవైపు రిఫరెన్సు, ఇంకోవైపు వచనం రాయండి. మొదటిరోజు చూసి పదిసార్లు, చూడకుండా పదిసార్లు, ప్రతిసారీ రిఫరెన్సు ముందొకసారీ చివరొకసారీ చెప్పండి. తర్వాత ఒక వారం రోజూ, ఆపై నెలపాటు వారానికోసారి, ఆపై నెలకోసారి. మూడు రబ్బరు బ్యాండ్లతో కార్డులను మూడు కట్టలుగా పెట్టుకుంటే ఏది ఎప్పుడు తిరగేయాలో వెతుక్కోనక్కర్లేదు. చాలామంది రెండో వారంతో వదిలేస్తారు. అందుకే నెల తిరిగేసరికి సగం మాటలు మిగులుతాయి.

రెండు అనువాదాలు కలపకండి. అర్థానికి ఏదైనా చదవొచ్చు, కంఠతకు మాత్రం ఒక్కటే. పాత అనువాదమే మేలు. సంఘంలో ప్రసంగంలో, ప్రార్థనలో, పెద్దవాళ్ల నోట వినిపించేది అదే కాబట్టి విన్న ప్రతిసారీ మీ వచనం గట్టిపడుతుంది. అరణ్యంలో శోధకుడు వచ్చినప్పుడు ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు (8:3, 6:16, 6:13). నలభై రోజుల ఆకలి మీద అవి నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

ఎక్కడ చెడుతుంది, ఎందుకు

అన్నింటికంటే ఎక్కువగా చెడేది బాకీ తీర్చబోయి. నాలుగు రోజులు తప్పుతాయి, ఆ నాలుగు రోజులదీ ఒకేపూట చదవబోతారు, అది కుదరక ఐదోరోజూ పోతుంది. ఈ పద్ధతిలో బాకీ లేదు. బుధవారం తిరిగొస్తే బుధవారం పనే చేయండి. వారమంతా పోతే, అదే భాగాన్ని మళ్లీ మొదలుపెట్టండి. 12 వారాలు 15 అయినా పత్రిక ఎక్కడికీ పోదు.

రెండోది, వాగ్దానపు కార్డు. డిసెంబరు 31 రాత్రి కూడికలో తీసుకున్న, ఒక వచనం రాసి ఉన్న కార్డుమీద ఏడాదంతా ఆధారపడేవాళ్లు మన సంఘాల్లో చాలామంది. కార్డు తప్పు కాదు, కానీ అది తలుపు మాత్రమే. యిర్మీయా 29:11 వచ్చిందనుకోండి, ఆ అధ్యాయమంతా చదవండి. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనం చెబుతుంది. డెబ్బై ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని 10వ వచనం చెబుతుంది. విన్నవాళ్లలో చాలామంది ఆ రోజు చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అది తెలిసి కూడా 11వ వచనాన్ని పట్టుకునేవాళ్లకు మార్చిలో నిరాశ రాదు.

మూడోది యూట్యూబ్. రోజుకు గంట ప్రసంగాలు వింటూ, సొంతంగా పావుగంట కూడా చదవనివాళ్లు ఉన్నారు. మంచి ప్రసంగం దేవుడిచ్చిన మేలే. అయితే వేరొకరు వాక్యంలో గడిపిన సమయం మీ లెక్కలోకి రాదు. ముందు చదవండి, తర్వాత వినండి.

నాలుగోది మాట్లాడుకోవడానికే ఇష్టపడనిది. దాచిన పాపం ఉన్నప్పుడు బైబిలు తెరవాలనిపించదు. సమయం లేదనిపిస్తుంది, నిద్ర వస్తుంది, ఇంకేదో పని గుర్తొస్తుంది. అలాంటప్పుడు ఫిలిప్పీ పక్కన పెట్టి 32వ కీర్తనకు వెళ్లండి. ఊరుకున్నంతకాలం యెముకలు క్షీణించాయని 3వ వచనంలో, ఒప్పుకోగానే క్షమాపణ దొరికిందని 5లో దావీదు రాశాడు. ఒప్పుకుని తిరిగి రండి. తిరిగి రావడానికి ఎంతకాలం దూరంగా ఉన్నామన్నది అడ్డు కాదు.

ఇక, నోట్‌బుక్ నిండుతున్నకొద్దీ గర్వం రావచ్చు. లేఖనాలను పరిశోధిస్తూనే తన దగ్గరికి రావడానికి ఇష్టపడనివాళ్లతో ప్రభువు మాట్లాడిన మాటలు యోహాను 5:39-40లో ఉన్నాయి. ప్రతిపూటా చదవడం మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం ప్రార్థన చేయండి: ప్రభువా, నిన్ను చూడనివ్వు.

ఏమీ అనిపించని రోజుల్లో

పిల్లవాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు, అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు ఇరవై నిమిషాల పద్ధతి నడవదు. నడవాలని కూడా అనుకోకండి. రోజుకు ఒక్క కీర్తన, అదీ పైకి. 13, 42, 77, 88 వరుసగా తీసుకోండి. 13వది “ఎన్నాళ్లవరకు” అనే ప్రశ్నతో మొదలై స్తుతితో ముగుస్తుంది. 88వది చీకటిలోనే ముగుస్తుంది, చివరి వచనం వరకూ వెలుగు రాదు. ఆ కీర్తన బైబిల్లో ఉందంటే, అంత చీకటిలో నుంచి దేవునితో మాట్లాడటం కూడా విశ్వాసమే. అది చదవలేకపోతే పక్కవాళ్లను చదివి వినిపించమనండి. ఇంతకుముందు కంఠతం చేసిన వచనాలు అక్కరకొచ్చేదీ ఇలాంటప్పుడే. “నీ ధర్మశాస్త్రము నాకు సంతోషమియ్యనియెడల నా శ్రమయందు నేను నశించియుందును” అని 119:92 అంటుంది. ఆ సంతోషం శ్రమకు ముందు నుంచీ పోగైనది.

వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని అనిపించకపోతే పాస్టరు గారితోపాటు డాక్టరునూ కలవండి. అది విశ్వాసం లేకపోవడం కాదు. మరణకరమైన రోగంతో పడి ఉన్న ఎపఫ్రొదితును పౌలు గద్దించలేదు. అలాంటివారిని ఘనపరచమని రాశాడు (2:29).

ఒంటరిగా చేయకండి

“ప్రతిదినమును ఒకనికొకడు బుద్ధి చెప్పుకొనుడి” అని హెబ్రీ 3:13 చెబుతోంది కాబట్టి కనీసం ఇంకొక్కరిని కలుపుకోండి. ఇద్దరు ముగ్గురు చాలు, పదిమంది అయితే మాట్లాడేది ఇద్దరే. శనివారం పది నిమిషాల ఫోన్‌లో రెండే ప్రశ్నలు: ఈ వారం ఏ మాట నీ దగ్గర ఆగింది? శుక్రవారం రాసుకున్న పని చేశావా? రోజూ వచనాల ఫొటోలు ఫార్వర్డ్ చేసుకోవడం దీనికి బదులు కాదు.

కుటుంబ ప్రార్థనలో అదే భాగాన్ని వాడుకోండి. ఒకరు చదవాలి, చిన్నవాళ్లు ఒక ప్రశ్న అడగాలి, ఒకరు ప్రార్థించాలి, పది నిమిషాల్లో ముగించాలి. అరగంట సాగిన రోజు పిల్లలు వాక్యాన్ని శిక్షగా గుర్తుపెట్టుకుంటారు. చదువురాని అమ్మమ్మ ఉంటే ఆడియోలో ఆ భాగాన్ని రోజూ మూడుసార్లు వినిపించండి. కంఠతలో ఆమె ఇంట్లో అందరినీ దాటిపోవచ్చు. కువైట్, దుబాయ్ క్యాంపుల్లో పన్నెండు గంటల డ్యూటీ చేసేవాళ్లకూ బస్సులో ఇయర్‌ఫోన్‌తో ఇదే దారి. మంగళవారం రాతపని ఒక్కటి సెలవురోజుకు మార్చుకోండి. అమెరికాలో తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఇంగ్లీషులో చదివి, వచనాలు మాత్రం అమ్మానాన్నల నోట విని తెలుగులో నేర్చుకోవచ్చు.

పన్నెండో వారం, ఆ తర్వాత

మళ్లీ రోజూ పత్రికంతా చదవండి. శనివారం బైబిలు మూసి మళ్లీ ఐదు వాక్యాలు రాయండి, మొదటి వారం రాసిన వాటి పక్కనే. శుక్రవారాల్లో రాసుకున్న పనుల్లో జరగనివి ఏమున్నాయో చూడండి. వాటిలో ఒక్కదాన్ని వచ్చే మూడు నెలలకు పట్టుకుని వెళ్లండి.

తర్వాతి పుస్తకంగా 1 పేతురు బాగుంటుంది: 5 అధ్యాయాలు, 105 వచనాలు, చెదరిపోయి శ్రమపడుతున్న విశ్వాసులకు రాసినది. దాని తర్వాత యాకోబు, 108 వచనాలు. ఆ తర్వాత 120 నుంచి 134 దాకా ఉన్న పదిహేను యాత్రకీర్తనలు, వారానికి ఒకటి. అప్పటికి రోజూ చదివే అలవాటు గట్టిపడి ఉంటుంది కాబట్టి దానికి తోడు వారానికి 5 అధ్యాయాలు కలపండి. క్రొత్త నిబంధనలో ఉన్నవి 260 అధ్యాయాలు, 52 వారాల్లో పూర్తవుతాయి. శని, ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి. ఫిలిప్పీ కార్డుల కట్ట మాత్రం ప్రతి నెలా మొదటి ఆదివారం బయటికి తీయాలి.